చేతి నిలకడ

కెమేరా పట్టుకొనుటనుగూర్చి వంటయింటి మనిషి వ్రాయుట యేమని మీలో కొందఱికి నవ్వు రావచ్చును. ఏడాది క్రిందట ఎవరైన చెప్పినచో నేనును నవ్వియే యుందును. బాల్యమున అనారోగ్యముచే నేను బడికి పోలేదు. మా తాతగారి యొద్ద అమరమును, భారత భాగవతములను చదువుకొంటిని. యంత్రములతో నాకు గల పరిచయము తిరుగలితో మొదలై మిక్సీతో ముగిసినది. అయినను గడచిన కార్తికమున మా యింట జరిగిన యొక సంగతి నన్నీ విద్యలోనికి దింపినది. ఆ సంగతియు, దానివలన నేర్చుకొన్న మెలకువలును మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పెద్దవారున్న ప్రతి యింటను ఎప్పుడో యొకప్పుడు ఇవి పనికివచ్చునని నా నమ్మకము.

మా అత్తగారికి డెబ్బదిరెండేండ్లు. మెలికముగ్గులకు మా యూరిలో ఆమెది పెట్టినది పేరు. ఇరువదియొక్క చుక్కల ముగ్గును చుక్క తప్పకుండ, గీత తెగకుండ, వంచిన నడుము ఎత్తకుండ ముగించెడివారు. రెండేండ్లనుండి ఆమె కుడిచేయి వణకుచున్నది. మొదట బొటనవ్రేలును చూపుడువ్రేలును జపమాల త్రిప్పుచున్నట్లు కదలెడివి. పిదప ఆ కదలిక మణికట్టు వఱకు ప్రాకినది. "వయసు మీదపడింది, అంతే" అనుచు ఆమె చేతిని కొంగుచాటున దాచుకొనుచు వచ్చిరి. నలుగురిలో కాఫీగ్లాసు అందుకొనుట మానిరి. పేరంటములకు పోవుట మానిరి. చివరకు వాకిట ముగ్గు నాకు వదలిరి. ఆ దినమున నాకు గలిగిన దుఃఖము ఇంతయని చెప్పజాలను.

కార్తికమున ఆమెను కాకినాడలో నరముల వైద్యుల యొద్దకు కొనిపోతిమి. క్రొత్తచోటు, క్రొత్తమనుష్యులు. సిగ్గుచేత ఆమె రెండు చేతులను పెనవేసి యొడిలో బిగించి కూర్చుండిరి. వైద్యులు ఓపికతో పరీక్షించి యిట్లనిరి: "అమ్మా, వణుకంతా ఒకటే జాతి కాదు. ఊరికే ఉన్నప్పుడు వణికి, పని పట్టుకోగానే తగ్గేది ఒకటి. పని పట్టుకున్నప్పుడే ఎక్కువయ్యేది ఇంకొకటి. రెంటికీ మందులు వేరు. ఇక్కడ ఈవిడ బెదిరిపోయి ఉన్నారు. ఇంటిదగ్గర తీరికగా ఉన్నప్పుడు వీడియో తీసి, వచ్చే నెలలో తీసుకురండి."

ఏమేమి తీయవలెనో యొక కాగితముపై వ్రాసియిచ్చిరి. చేతులు ఒడిలో ఉంచుకొని ఊరక కూర్చున్నప్పుడు ఒక నిమిషము. చేతులు ముందునకు చాచినప్పుడు. నీళ్లగ్లాసు నోటికెత్తుకొన్నప్పుడు. అలవాటైన చేతిపని యేదైనను చేయునప్పుడు. కుర్చీనుండి లేచి, పది యడుగులు నడచి, వెనుకకు తిరిగి వచ్చునప్పుడు. ఇవి ఐదు.

మావారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పుదురు. పిల్లల ప్రయోగములను బొమ్మలు తీయుటకై స్నేహితునివద్ద కొన్న పాత డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరా యొకటి మా బీరువాలో నున్నది. మా ఫోను బహుకాలపుది. మసక వెలుతురులో దాని బొమ్మ ఇసుక చల్లినట్లుండును. కావున కెమేరాతోనే తీయ నిశ్చయించితిని. మావారు ఇంట లేని సాయంకాలమున, అత్తగారు సిగ్గుపడకుండునట్లు నేను గది కీచివర నిలిచి, లెన్సును పొడవుగా సాగదీసి, ఆమె చేతిని దగ్గఱకు తెచ్చుకొని తీసితిని. ఆ వ్రేళ్లను అంత దగ్గఱగా చూచునప్పటికి నా గుండె దడదడలాడినది. ఎట్లో ముగించితిని.

రాత్రి భోజనములైన పిదప దానిని టీవీలో పెట్టి చూచితిమి. ఏమని చెప్పుదును! తెఱపై చేయి మాత్రమే కాదు, ఒడి, కుర్చీ, వెనుకటి గోడ, గోడమీది క్యాలెండరు అన్నియు భూకంపము వచ్చినట్లు ఊగుచున్నవి. అత్తగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట మెల్లగా, "అమ్మాయీ, నా చెయ్యి ఇంతలా వణుకుతోందా?" అని యడిగిరి.

"కాదత్తయ్యా! అది మీ చెయ్యి కాదు, నాది" అంటిని. ఆమె నమ్మలేదు. ఊరడించుటకై చెప్పుచున్నానని తలచి లేచి పడకకు పోయిరి. నా చేతగానితనము ఆమెకు లేని రోగమును చూపించినది. అదియే నన్ను నిద్రపోనీయలేదు.

మఱునాడు మా మేనల్లుడు వచ్చి, "దీనికేముంది అత్తా, కంప్యూటరులో సరిచేస్తాను" అని ధైర్యము చెప్పెను. అట్టి సాధనము లున్నవి. బొమ్మలో ఏదో యొక గుఱుతును పట్టుకొని, అది ప్రతి ఫ్రేములోను ఒకేచోట నుండునట్లు బొమ్మను జరుపును. జరుపగా అంచులలో కలుగు ఖాళీ కనబడకుండ కొంత పెద్దదిచేసి చుట్టును కత్తిరించును. అతడు గంటసేపు శ్రమపడి తెచ్చి చూపెను. చూచి మేమందఱము ఒక్కసారి నవ్వితిమి. అత్తగారి చేయి రాతివలె నిలిచియున్నది. దాని క్రింద కుర్చీయు నేలయు వణకుచున్నవి! తెఱనిండ చేయియే యుండుటచే యంత్రము చేతినే గుఱుతుగా పట్టుకొన్నది. వైద్యులు చూడగోరిన వణకునే తుడిచివేసినది. దీనినిబట్టి నాకొకటి తెలిసినది. తీసిన పిదప చేయు మరమ్మతు కొంతవఱకే. చేయి కదలినందున అలుకుకుపోయిన బొమ్మను కంప్యూటరుతో పూర్తిగా తేటపఱుచుట కష్టము. నిలకడ తీయునప్పుడే యుండవలెను.

అప్పుడు మావారిని కూర్చుండబెట్టి మొదటినుండి పాఠము చెప్పించుకొంటిని. వారు చెప్పిన దానిని నా మాటలలో చెప్పెదను.

ఛాయాచిత్రము తీయునప్పుడు కెమేరా సెకనులో నూటయిరువదియైదవ పాలు కన్ను తెఱచి మూసికొనుననుకొందము. ఆ మాత్రపు కాలములో చేయి రవంత కదలినను బొమ్మకు తెలియదు. వీడియో అట్లు కాదు. సెకనునకు 25 బొమ్మలు, నిమిషమునకు 1,500. ప్రతి బొమ్మయు తన ముందటి బొమ్మమీద సాక్ష్యము చెప్పును. విడివిడిగా చూచిన అన్నియు చక్కనివే; వరుసగా చూచునప్పటికి భూమి కంపించును.

పైగా ఈ జాతి కెమేరాలు నిశ్చలచిత్రముల కొఱకు పుట్టినవి. 2008వ సంవత్సరమున నికాన్ డి90, కానన్ 5డి మార్క్ 2 అనునవి వచ్చినప్పటినుండి వీనితో వీడియో తీయుట వాడుకైనది గాని, వీని ఆకారము మాఱలేదు. లోపల నొక అద్దముండి దృశ్యమును పైనున్న కంటిగూటికి చూపును. వీడియో తీయునంతసేపు ఆ అద్దము పైకి లేచియుండుటచే కంటిగూడు చీకటియగును. కావున వెనుకటి తెఱను చూచుటకై కెమేరాను ముఖమునకు దూరముగా చాచి పట్టుకొందుము. నుదుటి ఆనిక పోయినది. చాచిన చేతుల కొసను బరువు మిగిలినది. నీళ్లచెంబును ఒంటిచేత చాచిపట్టుకొని రెండు నిమిషములు నిలిచి చూడుడు. నేను చెప్పునది తెలియును. అద్దము లేని క్రొత్తజాతి కెమేరాలలో కంటిగూటియందే చిన్న తెఱ యుండునది కలదు. అట్టిది గలవారు వీడియోకును కంటికానించి పట్టుకొనవచ్చును.

లెన్సును సాగదీయుట రెండవ తప్పు. మా లెన్సు 18 మొదలు 55 మిల్లీమీటర్ల వఱకు సాగును. 55లో చేతి కదలిక 18లో కంటె మూడింతలుగా తెఱపై కనబడును. దూరమునుండి లాగి తీయుటకంటె దగ్గఱకు పోయి తీయుట మేలు. అత్తగారికి సిగ్గని నేను దూరమున నిలిచితిని గదా. ఆ మొగమాటమే బొమ్మను చెఱచినది.

ఇక మూడవది నన్ను ఆశ్చర్యపఱచినది. వణకని చేయి లోకమున లేదట! ఆరోగ్యవంతుల చేతులందును సెకనునకు 8 మొదలు 12 మార్లు అతిసూక్ష్మమైన వణకు ఎల్లప్పుడు నుండును. ఊపిరికి భుజము లేచి దిగును. గుండె కొట్టుకొనునప్పుడెల్ల దేహము రవంత కదలును. భయము, దుఃఖము, ఆకలి, అలసట, ఎక్కువ కాఫీ, ఇవి ఆ వణకును పెంచును. కావున నిలకడ చేతిలో వెదకికొనునది కాదు. చేయి దేనిపై ఆనునో దానిలో నున్నది. ఈ మాట వినగానే నేను లోపలికి పోయి అత్తగారితో చెప్పితిని. ఆమె నా చేతిని తమ చేతిలోనికి తీసికొని దీపపు వెలుతురున చాలసేపు చూచి, "అవునే, నీదీ కదులుతోంది" అనిరి. రెండు దినములకు ఆమె ముఖమున తొలిసారి నవ్వు కనబడినది.

అటుపిమ్మట పదిదినములు తీఱికవేళలందెల్ల అభ్యాసము చేసితిని. తెలిసికొన్నవి వరుసగా చెప్పెదను.

ఏ సాధనమును లేనప్పుడు దేహమే సాధనము. పాదములు ఎడముగా నుంచి, మోచేతులు రెండును ప్రక్కలకు అదిమి, ఎడమచేతిని లెన్సు క్రింద పళ్లెమువలె పట్టవలెను. కుడిచేయి కెమేరాను పట్టుకొన్న చాలును. బిగించి పిసికినచో వణకు హెచ్చును. కెమేరా పట్టీని మెడలో వేసికొని, అది బిగువగువఱకు కెమేరాను ముందునకు నెట్టి పట్టినచో మెడయొకటి, చేతులు రెండు, వెరసి మూడానికలగును. ఊపిరి బిగబట్టరాదు, మెల్లగా విడువవలెను. స్తంభమో గోడయో దొరకినచో వీపు ఆనింపుడు. కూర్చుండు వీలున్నచో కూర్చుండి, మోచేతులు మోకాళ్లపై ఆనింపుడు. నిలుచుండుటకంటె ఆనుకొనుట, దానికంటె కూర్చుండుట మేలు. కెమేరాను దేనిమీదనైన ఉంచి, చేతులు తీసివేయుట అన్నిటికంటె మేలు.

ఉంచుటకు మన యిండ్లలో వస్తువులకు కొదువ లేదు. నేనొక గట్టి గుడ్డసంచి కుట్టి, మూడింట రెండు వంతులు పెసలు పోసి మూతి కుట్టివేసితిని. నిండుగ పోయరాదు, సందు ఉన్నప్పుడే కెమేరా ఒదిగి కూర్చుండును. బియ్యమైనచో పిండి రాలి లెన్సుమీద పడును, పెసలు శుభ్రము. ఈ సంచిని పీటమీదను, కిటికీగడపమీదను, డబ్బామీదను పెట్టి, దానిపై కెమేరాను కావలసిన వాలున కూర్చుండబెట్టవచ్చును.

త్రాటిసాధన మింకొకటి. కెమేరా అడుగున ముక్కాలిపీటకు బిగించుటకై పావు అంగుళపు మరరంధ్ర మొకటి యుండును. ఆ మరకు సరిపోవు పొట్టి బోల్టును ఇనుపసామాను కొట్టులో తెచ్చి, దానికి గట్టిత్రాడు కట్టి, కెమేరాకు బిగించి, త్రాటి రెండవకొసను కాలిక్రింద త్రొక్కి, కెమేరాను మెల్లగా పైకి లాగిపట్టవలెను. బిగువునకు లోబడి కెమేరా క్రిందుమీదు లాడదు. బోల్టు లోతు మించి బిగింపకుడు, కెమేరాకు చేటు. ఇది పేరంటములందును, పెండ్లిండ్లలోను, చోటు లేనప్పుడు మిక్కిలి యుపయోగము.

కొనగలిగినవారు ముక్కాలి స్టాండును కొనుడు. దానిని పట్టణములో ట్రైపాడ్ అందురు. కొనునప్పుడు పొడవు చూడకుడు, గట్టితనము చూడుడు. సన్నని కాళ్లు గలది గాలికే కదలును. నడిమి కొక్కెమునకు నీళ్లసీసా సంచి నొకదానిని వ్రేలాడదీసినచో బరువు క్రిందికి దిగి నిలుచును. సంచి మాత్రము ఊగరాదు.

లెన్సులలో చేతివణకును సరిదిద్దు ఏర్పాటు కొన్నింటికి కలదు. కెమేరా ఎటు తిరిగినదో లోపలి సాధనము పసిగట్టి, అద్దపుబిళ్ల నొకదానిని ఎదురుగ జరుపును. కొన్ని కెమేరాలలో బొమ్మపడు పలకయే యిట్లు జరుగును. చేత పట్టినప్పుడు దానిని వాడుకొనవలెను. స్టాండుమీద నున్నప్పుడు కొన్ని పాత లెన్సులలో ఆ యేర్పాటే లేని కదలికను తెచ్చిపెట్టును గనుక దానిని ఆపివేయుట మంచిది. నిశ్శబ్దపు గదిలో దాని రొద వీడియోలో వినబడుటయు కలదు.

మఱి రెండు చిన్న మాటలు. మీట నొక్కుటలోనే కెమేరా కదలును. కావున నొక్కి, పదివఱకు లెక్కించి, అప్పుడు మొదలిడుమని మనిషికి చెప్పుడు. ముగిసినపిదపను పది లెక్కించి ఆపుడు. మొదలు తుద కత్తిరించుట సులభము. ట్యూబులైట్ల వెలుతురున షట్టరు కాలమును సెకనులో 50వ పాలుగ నుంచుకొనుడు. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు గలది. ఈ కొలత దానితో పొసగి, తెఱపై నల్లని చారలు పాఱవు. సెకనునకు 25 బొమ్మలు తీయునప్పుడు కదలిక సహజముగ కనబడుటకును ఈ కొలతయే తగినది.

ఇంతవఱకు కూర్చున్న మనిషిని తీయుట. వైద్యుల కాగితమున నడక యొకటి మిగిలినది. ఆమె నడచుచుండగా వెంట నడచుచు తీయవలెనని నాకు తోచినది. మావారు వలదనిరి. "చూచువారు నడవరాదు, చూడబడువారే నడువవలెను, రెండును కదలినచో వైద్యులు ఎవరి యడుగులు లెక్కింతురు?" అనిరి. నిజమే. కావున కెమేరాను స్టాండుమీద నడవ చివర నుంచి ఎదురునుండి ఒకసారియు, ప్రక్కనుండి ఒకసారియు తీయ నిశ్చయించితిమి. ఆమె వెంట కెమేరాను గిరుక్కున త్రిప్పుటయు వలదనిరి. ఈ కెమేరాలు బొమ్మను ఒక్కపెట్టున గ్రహింపవు. పైవరుస మొదలుకొని క్రిందివరుస వఱకు వరుస వెంబడి వరుసగా చదువును. క్రిందివరుస చదువులోపల కెమేరా జరిగినచో నిలువుస్తంభము వాలును. చేయి వణకినచో బొమ్మ తాటిముంజెవలె అల్లలాడును.

అయినను నాకు వెంటనడచి తీయు కోరిక తీఱలేదు. అది వైద్యులకు గాదు, మా కొఱకు. అత్తగారు వాకిలినుండి తులసికోటవఱకు ముగ్గుపళ్లెముతో నడచుట నా కంట నున్నది. చేతపట్టి నడచి చూచితిని; ప్రతి యడుగునకును బొమ్మ ఎగసిపడినది. అత్తగారు అరుగుమీదనుండి చూచుచు, "నువ్వు బిందె మోసినదానివి కాదు కదూ!" అనిరి. ఆమె కొత్తకోడలుగా వచ్చిన దినములలో మంచినీళ్లు కాలువనుండియే. నెత్తిన నొక బిందె, చంకన నొక బిందె. అడుగు తప్పినచో చీర తడియును, నలుగురు నవ్వుదురు. ఆమె చెప్పిరి: "కాళ్లు గట్టిగా పడేస్తే బిందె తొణుకుతుంది. మోకాళ్లు కొంచెం సడలించు. మడమ ముందు ఆనించి, పాదం మెల్లగా దించు. నడుముకి పైన మనిషి నడవకూడదే. నడుముకి కిందే నడవాలి."

నిండు గిన్నె చేతబట్టి, చుక్క తొణకకుండ సభ చుట్టిరమ్మని జనకుడు శుకుని పరీక్షించిన కథ మా తాతగారు చెప్పగా ఎన్నిమార్లు వింటినో! అది యోగమునకు చెప్పిన కథ యనుకొంటిని గాని, మా అత్తగారు దినమునకు నాలుగుమార్లు కాలువగట్టున చేసిన పని యని తలపలేదు.

మావారు దీనికి సినిమావారి సంగతి చెప్పిరి. అమెరికాలో గ్యారెట్ బ్రౌన్ అను నాయన 1970ల నడుమ స్టెడీకామ్ అను సాధనమును కనుగొనెను. 1976లో వచ్చిన 'బౌండ్ ఫర్ గ్లోరీ' అను చిత్రమున దానిని మొదటిసారి వాడిరి. మనిషి తొడుగుకొన్న కవచమునకు స్ప్రింగులు గల చేయి యొకటి. దాని కొసను ఒక కడ్డీ. కడ్డీకి పైన కెమేరా, క్రింద దానికి సరితూగు బరువు. కావడి బద్దకు ఇరుకొసలను బరువుండుటచే అది చటుక్కున తిరుగదు గదా; ఇదియు నట్లే. పరుగెత్తు మనిషి అడుగులు స్ప్రింగులలో అణగిపోవును. కోడిని చేతబట్టి అటునిటు కదపుడు. మెడను సవరించుకొనుచు తలను ఉన్నచోటనే నిలుపుకొనును. ఆ విద్యయే యిది. మా అత్తగారి మోకాళ్లును నడుమును ఆ స్ప్రింగుల పనియే చేసినవి.

ధనుర్మాసము వచ్చినది. తొలినాటి వేకువను నేను పెసలసంచిని ముక్కాలి పీటమీద నుంచి, కెమేరాను 18లో పెట్టి, ఆమెకు రెండు మూరల దూరమున నేలపై కూర్చుంటిని. ఈసారి దాగలేదు. "అత్తయ్యా, తీస్తున్నాను" అని చెప్పితిని. "తియ్యి" అనిరి. చేతులు ఒడిలో నుంచుకొని కూర్చుండిరి. నేను కెమేరానుండి చేతులు తీసివేసి పది లెక్కించితిని. చుట్టును అన్నియు నిలిచియుండగా, ఆ కుడిచేతి రెండువ్రేళ్లు మాత్రము జపమాల త్రిప్పుచుండెను. తరువాత ఆమె వంగి ముగ్గుపిండి చేతికి తీసికొనిరి. ఒక క్షణము వ్రేళ్లు తడబడినవి. పిండి నేలకు తాకినదో లేదో వణకు తగ్గినది. గీత సాగినది. మునుపటి వడి లేదు, మెలికలు కొంచెము చిన్నవైనవి; కాని గీత తెగలేదు. రెండేండ్లుగా ఆమె ముగ్గు పెట్టలేకపోయినది వణకుచేత గాదు, వణకునని సిగ్గుచేత. నా కెమేరా నిలిచియున్నందుననే అది నాకు కనబడినది.

వైద్యులు ఆ వీడియోను రెండుమార్లు చూచిరి. ఒడిలోని చేతివద్ద ఆపి, ముగ్గువద్ద ఆపి, నడకలో కుడిచేయి ఎడమదానివలె ఊగకుండుట మాకు చూపించిరి. మరల పరీక్షించి, ఇది మొదటిజాతి వణకని, పార్కిన్సన్ వ్యాధి యని నిర్ణయించి మందు వ్రాసిరి. మనవారు కంపవాత మన్నది ఇట్టిదే. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అను ఇంగ్లాండు వైద్యుడు దీనిని విడిగా వర్ణించి వ్రాయుటచే ఆయన పేరు నిలిచినది. మందుచే ఇది సమూలముగ పోదు, అదుపులో నుండును. సంక్రాంతినాటికి ఆమె చేయి కొంత కుదుటపడినది. పేరంటమునకు పోయి, కాఫీగ్లాసు నలుగురిలో ఎడమచేత గాక కుడిచేతనే అందుకొనిరి.

ఆ వీడియోను ఇంటివద్ద టీవీలో చూచిన రాత్రి అత్తగారు, "ఇంతేనా నేను వణికేది!" అనిరి. పిమ్మట, "ఇంతైతే భరించవచ్చు" అనిరి.

సోదరీమణులారా! మీ యింటి పెద్దల చేతిపని, మాట, పాట, నడక, ఏదైనను తీయదలచినప్పుడు కెమేరా మంచిదా కాదా యని విచారింపకుడు. దేనిపై ఆనింతుమని ముందు చూచుకొనుడు. పెసలసంచి చాలును. తీయునప్పుడు మన మనస్సు కలత చెందకపోదు, చేయి వణకకపోదు. ఆ వణకు మనది. దానిని వారి బొమ్మలోనికి పోనీయకుండుటయే మనము వారికి చేయదగిన మర్యాద. ఇంతియే నా మనవి.